విదేశీ నిర్మాణ కాంట్రాక్టుకు పోటీ పడుతున్నారా? ప్రభుత్వ ఎగుమతి రుణాన్ని బిడ్‌లో ఎలా కలపాలి

ఒక దేశం రైలు మార్గానికో, వంతెనకో, మంచినీటి ప్లాంటుకో టెండర్ పిలిచింది. మీ ఇంజనీర్లు గట్టివాళ్లు. మీ ధర అందరికంటే తక్కువ. అయినా కాంట్రాక్టు వేరే దేశపు కంపెనీకి వెళ్లిపోయింది. ఈ రంగంలో ఇది తరచూ జరిగేదే, కారణం కూడా చాలాసార్లు ఒకటే. అవతలివాళ్లు కట్టి ఇస్తామనడంతో ఆగలేదు, కట్టడానికి కావలసిన డబ్బు కూడా తెస్తామన్నారు. ఆ డబ్బు వెనక వాళ్ల ప్రభుత్వం నిలబడింది.

దీన్నే ఎగుమతి రుణం అంటారు. నా దృష్టిలో రుణ షరతులు కూడా ధరలో భాగమే. వడ్డీ, గడువు, ప్రీమియం (రుణానికి ఇచ్చే గ్యారంటీకో, బీమాకో కట్టే రుసుము), పూచీకత్తు అన్నీ కలిస్తేనే కొనే దేశానికి అసలు ధర తెలుస్తుంది. అందుకే ఈ పని టెండర్ పత్రాలు చేతికొచ్చాక కాకుండా, అంతకు ఎన్నో నెలల ముందే మొదలవ్వాలి. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరుసగా చూద్దాం.

1. ముందు డబ్బు ఏ దారిలో నడుస్తుందో తెలుసుకోండి

పెద్ద నిర్మాణాల్లో ఎక్కువగా వాడేది బయ్యర్స్ క్రెడిట్. ఇందులో బ్యాంకు అప్పు ఇచ్చేది మీకు కాదు, కొనే దేశానికి. ఆ దేశపు ఆర్థిక శాఖ సంతకం చేస్తుంది. పని జరిగే కొద్దీ మీరు బిల్లులు పెడతారు, యజమాని తరఫు ఇంజనీరు ధ్రువీకరిస్తాడు, బ్యాంకు నేరుగా మీ ఖాతాలో డబ్బు వేస్తుంది. అప్పు మాత్రం కొనే దేశం పేరున ఉంటుంది. ఆ దేశం కట్టకపోతే బ్యాంకుకు నష్టం రాకుండా మీ దేశపు ఎగుమతి రుణ సంస్థ గ్యారంటీయో, బీమాయో ఇస్తుంది. కొన్ని దేశాల్లో ఆ సంస్థే నేరుగా అప్పు కూడా ఇస్తుంది.

రెండో రకం సప్లయర్స్ క్రెడిట్. ఇక్కడ అరువు ఇచ్చేది మీరే, బీమా మీరు తీసుకుంటారు. యంత్రాలు, చిన్న సరఫరాలకు ఇది సరిపోతుంది. ఏళ్ల తరబడి సాగే నిర్మాణానికి మాత్రం మీ బ్యాలెన్స్ షీట్ మీద అంత బరువు పెట్టుకోవద్దు.

ఈ సంస్థలు కొత్తవేమీ కావు. బ్రిటన్ 1919లోనే ఇలాంటిది పెట్టింది. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు 1934లో వచ్చింది. జపాన్‌కు జేబీఐసీ, నెక్సీ ఉన్నాయి. కొరియాకు కెక్సిమ్, కే-ష్యూర్, ఇటలీకి సాచే, చైనాకు చైనా ఎగ్జిమ్ బ్యాంకు, సైనోష్యూర్, భారత్‌కు ఎగ్జిమ్ బ్యాంకు, ఈసీజీసీ ఉన్నాయి. పేర్లు వేరైనా పని ఒకటే: తమ దేశపు కంపెనీ సరుకు, సేవలు బయటి దేశం కొనేలా అప్పును తేలిక చేయడం.

2. ఈ టెండర్‌కు మీ రుణం అవసరమా అని అడగండి

ప్రపంచ బ్యాంకో, ప్రాంతీయ అభివృద్ధి బ్యాంకో డబ్బు ఇస్తున్న ప్రాజెక్టైతే మీరు రుణం తేవాల్సిన పనిలేదు. అక్కడ ధర, నాణ్యత, అర్హత, అనుభవం లాంటివి చూస్తారు. అలాంటి టెండర్‌లో ఎగుమతి రుణం గురించి రాస్తే మార్కులు రావు, పైగా నిబంధనలు చదవలేదని తెలిసిపోతుంది.

మీ రుణానికి విలువ ఉండేది రెండు సందర్భాల్లో. ఒకటి, డిజైన్, నిర్మాణంతో పాటు ఫైనాన్సింగ్ కూడా కాంట్రాక్టరే తేవాలని టెండర్‌లోనే రాసినప్పుడు. రెండు, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టు, అంటే టోలో టారిఫో వసూలు చేసి అప్పు తీర్చే పథకం అయినప్పుడు. ఈ రెండో దాంట్లో ఆర్థిక శాఖ సంతకం ఉండకపోవచ్చు. అప్పుడు ఎగుమతి రుణ సంస్థ ప్రాజెక్టు ఆదాయాన్ని లోతుగా పరిశీలిస్తుంది, దానికి చాలా సమయం పడుతుంది.

టెండర్ పత్రంలో ఈ విషయం స్పష్టంగా లేకపోతే ప్రీ-బిడ్ సమావేశంలో లిఖితపూర్వకంగా అడగండి. అప్పు ఎవరి పేరున? పూచీ ఎవరిది? ఫైనాన్సింగ్ ఆఫర్‌కు మార్కులు ఎన్ని, ఏ సూత్రం మీద వేస్తారు? ఈ మూడిటికీ జవాబు రాకుండా బిడ్ మీద ఖర్చు పెట్టకండి.

3. అప్పు తీసుకునే దేశాన్ని చదవండి

చాలా కంపెనీలు దీన్ని ఫైనాన్స్ విభాగంలో ఒక జూనియర్‌కు అప్పగించి మర్చిపోతాయి. కానీ బిడ్ బతకడం, చావడం ఎక్కువగా ఇక్కడే తేలుతుంది.

ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక కూటమి) దేశాలు కలిసి అప్పు తీసుకునే దేశాల రిస్కును 0 నుంచి 7 వరకు వర్గాలుగా విడదీస్తాయి. 7 అంటే అత్యంత ప్రమాదకరం. ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. మీ దేశం ఏదైనా సరే, ముందు ఆ అంకె చూడండి. ప్రీమియం ఎంత పడొచ్చో, కవర్ (అంటే ఆ గ్యారంటీయో, బీమాయో) దొరకడం ఎంత కష్టమో అదే సూచిస్తుంది.

తర్వాత ఆ దేశం ఐఎంఎఫ్ కార్యక్రమంలో ఉందేమో చూడండి. ఉంటే కొత్త అప్పులకు పరిమితి ఉండే అవకాశం ఎక్కువ. పేద దేశాల విషయంలో ఐఎంఎఫ్ సాధారణంగా అప్పులో కనీసం 35 శాతం రాయితీ అంశం ఉండాలని చూస్తుంది. వడ్డీ, గడువు, గ్రేస్ కాలం (అసలు కట్టనక్కర్లేని మొదటి ఏళ్లు) అన్నీ లెక్కేసి, అప్పు విలువలో మూడో వంతుకు పైగా దానంలా తేలాలన్నమాట. మామూలు ఎగుమతి రుణానికి ఆ లక్షణం ఉండదు. అలాంటి దేశంలో మంత్రి చేతులు కలిపినా, ఆర్థిక శాఖ సంతకం దగ్గర ఫైలు ఆగిపోతుంది.

జాంబియా 2020 నవంబరులో తన బాండ్ల వడ్డీ కట్టలేకపోయింది. ఘనా 2022 డిసెంబరులో చాలా విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపేసింది. ఒక దేశం ఇలా చేతులెత్తేస్తే అప్పుల పంపిణీ ఆగుతుంది, సగంలో ఉన్న నిర్మాణాలు నిలిచిపోతాయి, వాటి మీద ఆధారపడిన చిన్న సబ్ కాంట్రాక్టర్లు, కూలీలు ముందుగా దెబ్బతింటారు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది. ఆ దేశం తీర్చలేని అప్పును మీ బిడ్‌కు బలం అనుకోవద్దు. ప్రాజెక్టు వల్ల ఆదాయమో, ఆదా అయ్యే విదేశీ మారకమో ఎంతో లెక్క కట్టి, వాయిదా దాన్ని దాటితే ప్రాజెక్టును దశలుగా విడగొట్టమని మీరే సూచించండి. మొదటి దశ చిన్నదైనా, సమయానికి పూర్తయి డబ్బు వచ్చే పని మీకూ మంచిదే, వాళ్లకూ మంచిదే.

4. ఎగుమతి రుణ సంస్థ దగ్గరకు ముందే వెళ్లండి

టెండర్ నోటీసు రాకముందే వెళ్లాలి. ప్రాజెక్టు సాధ్యాసాధ్యాల అధ్యయన దశలో ఉందని తెలిసినప్పుడే ఒక సమావేశం అడగండి. తీసుకెళ్లాల్సినవి పెద్దగా ఏమీ ఉండవు: ప్రాజెక్టు వివరం ఒకటి రెండు పేజీల్లో, అప్పు తీసుకునేవారెవరు, పూచీ ఎవరిది, అంచనా వ్యయం, ఏ వస్తువులు ఏ దేశం నుంచి వస్తాయి, పర్యావరణ అధ్యయనం ఏ దశలో ఉంది.

ఇందులో అసలు కీలకం ఐదోది, ఏ వస్తువు ఎక్కడినుంచి అన్నది. చాలా సంస్థలు తమ దేశపు వాటా ఇంత ఉండాలని కోరతాయి. బ్రిటన్ సంస్థ కాంట్రాక్టు విలువలో కనీసం 20 శాతం బ్రిటిష్ వాటా ఉంటే చాలంటుంది. భారత ప్రభుత్వ లైన్ ఆఫ్ క్రెడిట్ (వేరే దేశానికి ముందే మంజూరు చేసిన రుణ పరిమితి) కింద చేసే పనుల్లో సాధారణంగా 75 శాతం వస్తువులు, సేవలు భారత్ నుంచే రావాలి. ఈ తేడా చిన్నది కాదు. మీ సరఫరా గొలుసు ఎలా ఉండాలో అదే నిర్ణయిస్తుంది. స్టీల్ ఒక దేశం నుంచి, సిగ్నలింగ్ ఇంకో దేశం నుంచి, డిజైన్ మరో దేశం నుంచి వస్తుంటే, ఏ సంస్థను ముందు నిలబెడితే ఎంత రుణం వస్తుందో ఒక పట్టిక వేసుకోండి. రెండు మూడు దేశాల సంస్థలు కలిసి కవర్ ఇవ్వొచ్చు కూడా. ఒకటి ముందు నిలబడి మొత్తం బాధ్యత తీసుకుంటుంది, మిగతావి తమ వాటాకు దానికి రీఇన్సూరెన్స్ (తమ వంతు నష్టం భరిస్తామనే బీమా) ఇస్తాయి. అప్పు తీసుకునే దేశానికి ఒకే ఒప్పందం, ఒకే కిటికీ. దీన్ని వాడుకునే కంపెనీలు తక్కువ, వాడుకున్నవి లాభపడ్డాయి.

సమావేశం తర్వాత వచ్చేది లెటర్ ఆఫ్ ఇంటరెస్ట్. అది హామీ కాదు. పరిశీలించడానికి ఇష్టమేనని చెప్పే ఉత్తరం, అంతే. దాన్ని బిడ్‌తో జతచేసేటప్పుడు రుణం ఖాయమైందన్నట్టు రాయకండి. టెండర్ కమిటీలో ఒక్కరైనా ఆ ఉత్తరం చివరి పేరా చదువుతారు.

5. నిబంధనల హద్దులు గుర్తుపెట్టుకోండి

ఓఈసీడీ దేశాల మధ్య 1978 నుంచి ఒక పెద్దమనుషుల ఒప్పందం ఉంది. ప్రభుత్వం మద్దతిచ్చే ఎగుమతి రుణాల విషయంలో వడ్డీ తగ్గించుకుంటూ, గడువు పెంచుకుంటూ ఒకరినొకరు దెబ్బతీసుకోకుండా చేసుకున్న కట్టుబాటు అది. ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా సమాఖ్య, జపాన్, కొరియా, న్యూజిలాండ్, నార్వే, స్విట్జర్లాండ్, తుర్కియే, బ్రిటన్, అమెరికా అందులో ఉన్నాయి. చైనా, భారత్ లేవు. అయినా దీన్ని అందరూ చదవాలి, ఎందుకంటే ప్రపంచ వాణిజ్య సంస్థ సబ్సిడీల ఒప్పందంలో కూడా ఈ వడ్డీ నియమాలు పాటిస్తే నిషిద్ధ ఎగుమతి సబ్సిడీ కిందికి రాదనే రక్షణ ఉంది.

మీ లెక్కకు కావలసిన అంకెలు ఇవి. ఎగుమతి కాంట్రాక్టు విలువలో కనీసం 15 శాతం కొనేవారు ముందే చెల్లించాలి. మిగతా 85 శాతం వరకే ప్రభుత్వ మద్దతు. అక్కడి కూలి, ఇసుక, సిమెంటు లాంటి స్థానిక ఖర్చులకు అదనంగా రుణం ఇవ్వొచ్చు: అధికాదాయ దేశాల్లో ఎగుమతి కాంట్రాక్టు విలువలో 40 శాతం వరకు, మిగతా దేశాల్లో 50 శాతం వరకు. 2021లో పెంచిన హద్దులివి. అంతకు ముందు 30 శాతమే ఉండేది. నిర్మాణ కంపెనీలకు ఇది పెద్ద మేలు, ఎందుకంటే రోడ్డు, కాలువ, స్టేషన్ పనుల్లో ఖర్చు ఎక్కువయ్యేది స్థానికంగానే.

ఒక ఉదాహరణ. బయటినుంచి వచ్చే వస్తువులు, సేవలు 10 కోట్ల డాలర్లు, స్థానిక ఖర్చు 5 కోట్లు. మధ్యాదాయ దేశమైతే 8.5 కోట్లు, 5 కోట్లు కలిపి 13.5 కోట్ల వరకు మద్దతు దొరుకుతుంది. కొనే దేశం చేతినుంచి పెట్టాల్సింది 1.5 కోట్లు. స్థానిక ఖర్చు 6 కోట్లైతే ఆ పై కోటికి మామూలు బ్యాంకు అప్పు వెతకాలి. ఆ చిన్న అప్పు కోసమే కొన్ని ప్రాజెక్టులు నెలల తరబడి ఆగుతాయి. కాబట్టి పెద్ద రుణంతో పాటే దాన్నీ సిద్ధం చేసుకోండి. ముందుగా కట్టాల్సిన 15 శాతానికి కూడా అంతే. ఆ దేశపు బడ్జెట్‌లో అది ఉందో లేదో అడగండి. లేకపోతే దానికీ ఒక బ్యాంకు కావాలి.

గడువు విషయంలో 2023 జులైలో పెద్ద మార్పు వచ్చింది. అంతకు ముందు మధ్య, అల్పాదాయ దేశాలకు సాధారణంగా పదేళ్లే. ఇప్పుడు చాలా ప్రాజెక్టులకు 15 ఏళ్ల వరకు, వాతావరణ మార్పును తగ్గించే రంగాల్లో 22 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. మీ ప్రాజెక్టు పునరుత్పాదక విద్యుత్తో, విద్యుత్ రైలో, నీటి సరఫరానో అయితే రెండో వర్గం కిందికి వస్తుందేమో సంస్థను అడగండి. బొగ్గు విద్యుత్ కేంద్రాలకు మాత్రం కర్బనాన్ని పట్టి దాచే ఏర్పాటు లేకపోతే 2021 చివరినుంచి ఈ దేశాల మద్దతు ఆగిపోయింది.

స్థిర వడ్డీకి కనీస రేటు ఒకటి ఉంది, దాన్ని సీఐఆర్ఆర్ అంటారు. ప్రభుత్వ బాండ్ల రాబడికి కొంత మార్జిన్ కలిపి, కరెన్సీ వారీగా నెలనెలా ప్రకటిస్తారు. దీనికి తోడు ప్రీమియం. దేశపు రిస్కు అంకె, గడువు ఆధారంగా దీనికి కనీస రేటు ఉంటుంది. రిస్కు ఎక్కువున్న దేశానికి, పదేళ్ల అప్పుకు ఇది అసలులో పది శాతం చుట్టుపక్కలకు కూడా పోవచ్చు. సాధారణంగా ఒకేసారి ముందే కట్టాలి, లేదా అప్పులో కలపాలి. ధర లెక్కలో ప్రీమియాన్ని వదిలేసి పోల్చే బిడ్ కమిటీలు ఉన్నాయి, వదిలేసి చూపించే కంపెనీలూ ఉన్నాయి. మీరు మాత్రం దాచకండి. చివరి సంతకాల రోజున అది బయటపడితే నమ్మకం మొత్తం పోతుంది.

6. మొత్తం ఖర్చును ఒకే పట్టికలో పెట్టండి

ఇప్పుడు అసలు లెక్క. స్థానిక ఖర్చులు, ప్రీమియం పక్కన పెట్టి, తేలికగా అర్థమయ్యేలా చూద్దాం.

మీ ధర 10 కోట్ల డాలర్లు. రుణం 8.5 కోట్లు, వడ్డీ 5 శాతం, పదేళ్లు, ఆరు నెలలకొక సమాన అసలు వాయిదా. మీ పోటీదారు ధర 9.4 కోట్లు, మీకంటే 6 శాతం తక్కువ. అతని రుణం 7.99 కోట్లు, వడ్డీ 7 శాతం, గడువు అంతే.

ఇరవై సమాన వాయిదాల్లో తీర్చే అప్పు సగటున 5.25 ఏళ్లు చేతిలో ఉన్నట్టు లెక్క. కాబట్టి మీ రుణం మీద మొత్తం వడ్డీ సుమారు 2.23 కోట్లు, అతని రుణం మీద సుమారు 2.94 కోట్లు. కలిపితే మీది 12.23 కోట్లు, అతనిది 12.34 కోట్లు. ధరలో ఆరు శాతం వెనకబడి కూడా మీరే చవక.

మొదటి ఏడాది వాయిదాలు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అసలు, వడ్డీ కలిపి మీది సుమారు 1.26 కోట్లు, అతనిది 1.34 కోట్లు. మీ రుణాన్నే 15 ఏళ్లకు పెంచితే మొదటి ఏడాది కట్టాల్సింది కోటి లోపే, సుమారు 98 లక్షల డాలర్లు. కానీ మొత్తం వడ్డీ 2.23 నుంచి 3.29 కోట్లకు పెరుగుతుంది. ఆర్థిక మంత్రి ముందుగా చూసేది ఏడాది బడ్జెట్‌లో పడే భారం. ఆడిటర్ చూసేది మొత్తం ఖర్చు. మీ పట్టికలో రెండూ ఉండాలి, రెండు గడువులకూ ఉండాలి. ఎంచుకునే హక్కు వాళ్లకు వదిలేయండి. వేర్వేరు కాలాల్లో కట్టే డబ్బును నేటి విలువకు మార్చిన వరస కూడా ఒకటి చేర్చండి, డిస్కౌంట్ రేటు ఏది తీసుకున్నారో పక్కనే రాయండి.

కరెన్సీని మర్చిపోకండి. యెన్‌లో తక్కువ వడ్డీ కనిపించినా, ఆ దేశపు ఆదాయం డాలర్లలోనో సొంత కరెన్సీలోనో ఉంటే మారకం రేటు ఆ లాభాన్ని మింగేయొచ్చు. నీటి ప్లాంటు ఆదాయం స్థానిక కరెన్సీలో వస్తుంది, అప్పు మాత్రం విదేశీ కరెన్సీలో తీర్చాలి. ఈ అంతరాన్ని ఎవరు భరిస్తారో మీ ఆఫర్‌లో ఒక పేరా రాస్తే, అలా రాసిన కంపెనీగా మీరు గుర్తుండిపోతారు.

7. పోటీదారు ఏం ఇస్తున్నాడో అర్థం చేసుకోండి

ఇండొనేషియాలో జకార్తా–బాండుంగ్ హైస్పీడ్ రైలు పోటీ ఈ పాఠానికి అన్నిటికంటే మంచి ఉదాహరణ. 142 కిలోమీటర్ల మార్గం. 2015లో జపాన్, చైనా పోటీపడ్డాయి. జపాన్ ఇస్తానన్న వడ్డీ 0.1 శాతం, గడువు 40 ఏళ్లు. చైనా వడ్డీ 2 శాతం, గడువు 40 ఏళ్లే. వడ్డీ మాత్రమే చూస్తే పోటీయే లేదు. కానీ జపాన్ రుణానికి ఇండొనేషియా ప్రభుత్వ పూచీ కావాలి. చైనా అది అక్కర్లేదంది, ప్రభుత్వ బడ్జెట్ నుంచి పైసా కూడా అడగనంది. కాంట్రాక్టు చైనాకు వెళ్లింది.

కథ అక్కడితో అయిపోలేదు. సుమారు 600 కోట్ల డాలర్లనుకున్న ఖర్చు 700 కోట్లు దాటింది. 2021లో ఇండొనేషియా ప్రభుత్వం నిబంధన మార్చి బడ్జెట్ డబ్బు పెట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో రైలు మొదలైంది. మీరు ఇందులోంచి తీసుకోవాల్సింది రెండు విషయాలు. కొనే దేశానికి ఏ షరతు నొప్పి కలిగిస్తుందో ముందే కనుక్కోండి, అది వడ్డీయే అయి ఉండనక్కర్లేదు. ఇంకొకటి, పూచీ లేని ఆఫర్‌తో పోటీపడాల్సి వస్తే, ఖర్చు పెరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుందని టెండర్ కమిటీ ముందు మర్యాదగా అడిగే హక్కు మీకుంది. ఆ ప్రశ్నకు మీ బిడ్‌లో మీ జవాబు కూడా ఉండాలి.

తక్కువ వడ్డీలన్నీ ఎగుమతి రుణాలు కావు. ముంబయి–అహ్మదాబాద్ హైస్పీడ్ రైలుకు జపాన్ 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుతో, 15 ఏళ్ల గ్రేస్‌తో ఇచ్చింది అభివృద్ధి సాయం కింద వచ్చే రుణం. అలాంటి దాంతో మామూలు ఎగుమతి రుణం పోటీపడలేదు. తమ దేశపు వస్తువులే కొనాలనే షరతుతో ఇచ్చే సాయానికి కూడా ఓఈసీడీ ఒప్పందంలో హద్దులున్నాయి: రాయితీ అంశం కనీసం 35 శాతం, అత్యంత వెనకబడిన దేశాలకు 50 శాతం ఉండాలి. వ్యాపారపరంగా తన ఖర్చు తానే రాబట్టుకోగల ప్రాజెక్టుకు అలాంటి సాయం ఇవ్వకూడదు. కొంచెం రాయితీ చూపించి వ్యాపారం లాక్కోకుండా పెట్టిన నియమమిది.

సాయాన్ని వ్యాపారంతో కలిపితే ఎంత దూరం పోతుందో మలేసియాలో పెర్గావ్ డ్యామ్ చూపించింది. బ్రిటన్ ఆ డ్యామ్‌కు 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇచ్చింది, అది ఆయుధాల అమ్మకంతో ముడిపడి ఉందన్న విషయం బయటికొచ్చింది. 1994లో బ్రిటన్ హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది.

పోటీదారు ఓఈసీడీ ఒప్పందం హద్దులు దాటాడని నమ్మకంగా తెలిస్తే, మీ సంస్థను మ్యాచింగ్ అడగండి. ఒప్పందంలో ఉన్న దేశాలకు, బయటి దేశం ఇచ్చిన షరతులకు సమానంగా తామూ ఇవ్వడానికి అనుమతి ఉంది. కానీ ఆధారం కావాలి. ఎవరో అన్నారంటే సరిపోదు. కొనే దేశం అధికారి ఉత్తరమో, టెండర్ తెరిచినప్పటి మినిట్స్‌లో ఉన్న షరతులో చూపించగలగాలి.

8. పర్యావరణం, లంచం: ఈ రెండింటిని వెనక్కి నెట్టకండి

జనాన్ని ఖాళీ చేయించే డ్యామ్, అడవి మీదుగా పోయే రోడ్డు లాంటివి ఎ వర్గం ప్రాజెక్టులు. వీటికి పూర్తి పర్యావరణ, సామాజిక ప్రభావ అధ్యయనం కావాలి. ఓఈసీడీ సంస్థలు తుది నిర్ణయానికి కనీసం 30 రోజుల ముందు దాన్ని బహిరంగపరుస్తాయి. కొలమానం ఎక్కువగా ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ ప్రమాణాలే. స్థానిక చట్టం ప్రకారం చేసిన నివేదిక చాలాసార్లు వీటికి సరిపోదు. తేడాలు పూడ్చే పనికి నెలలు పడుతుంది, ఒక వర్షాకాలం సర్వే కూడా అవసరం పడొచ్చు. కాబట్టి ఈ ఖర్చు, సమయం బిడ్ ప్రణాళికలోనే పెట్టండి. పునరావాసం డబ్బు ఎవరిస్తారో రాతపూర్వకంగా తేలకుండా సంతకం చేయకండి. ఊరు ఖాళీ చేసిన కుటుంబానికి పరిహారం అందకపోతే ఆ పాపంలో మీకూ వాటా ఉంటుంది.

ఏజెంట్ల విషయం. స్థానిక ఏజెంటును పెట్టుకోవడం తప్పు కాదు. అతని పేరు, కమిషన్, అది ఏ పనికి ఇస్తున్నారో సంస్థకు చెప్పాల్సి ఉంటుంది. చేసే పనికి పొంతన లేనంత కమిషన్ కనిపిస్తే వాళ్లు ఆగిపోతారు. లంచం రుజువైతే కవర్ రద్దవుతుంది, మీరు డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు. 2010లో ప్రపంచ బ్యాంకు, మరో నాలుగు అభివృద్ధి బ్యాంకులు చేసుకున్న ఒప్పందం వల్ల ఒక బ్యాంకు ఏడాదికి మించి నిషేధిస్తే మిగతావీ నిషేధిస్తాయి. ఒక చిన్న ప్రాజెక్టు తప్పుకు అన్ని ఖండాల్లో వ్యాపారం పోతుంది.

9. ఫైనాన్సింగ్ ఆఫర్ రాసే పద్ధతి

వేరే కవరులో పెట్టమంటే వేరేగానే పెట్టండి. ఇందులో ఉండాల్సినవి: అప్పు మొత్తం, కరెన్సీ, వడ్డీ రకం, గడువు, మొదటి వాయిదా ఎప్పుడు, ప్రీమియం అంచనా, బ్యాంకు ఫీజులు, పూచీ ఎవరు ఇవ్వాలి, ఏ షరతులు తీరాక మొదటి డబ్బు వస్తుంది. దీనితో పాటు బ్యాంకు ఉత్తరం, ఎగుమతి రుణ సంస్థ ఉత్తరం.

ఒక చిన్న ఉచ్చు ఉంది. బిడ్ ఆరు నెలలు చెల్లాలంటారు, బ్యాంకు ఆఫర్ మూడు నెలలే ఉంటుంది. మిగిలిన మూడు నెలల్లో వడ్డీలు పెరిగితే నష్టం మీదే. బ్యాంకుతో గడువు సమానం చేయించండి, కుదరకపోతే వడ్డీ ఫలానా రోజు రేటు మీద ఆధారపడి ఉంటుందని స్పష్టంగా రాయండి. మీ తరఫున బ్యాంకు ఇచ్చే హామీలకు, అంటే బిడ్ సెక్యూరిటీ, పెర్ఫార్మెన్స్ బాండ్, అడ్వాన్స్ పేమెంట్ గ్యారంటీలకు మీ బ్యాంకు పరిమితి సరిపోతుందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి. ముందుగా వచ్చే 15 శాతం డబ్బుకు దాదాపు ఎప్పుడూ అడ్వాన్స్ గ్యారంటీ అడుగుతారు. కొన్ని ఎగుమతి రుణ సంస్థలు ఈ బాండ్లకు కూడా మద్దతిస్తాయి, అడగడం మర్చిపోకండి.

10. గెలిచాక పని మొదలుపెట్టే ముందు

కాంట్రాక్టు మీద సంతకం అయిపోయింది, ఫోటోలు దిగారు. రుణ ఒప్పందం ఇంకా కాలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇప్పుడే యంత్రాలు ఓడ ఎక్కించకండి. కాంట్రాక్టులో ఒక క్లాజ్ తప్పనిసరిగా ఉండాలి: రుణం అమల్లోకి వచ్చి, అడ్వాన్స్ చేతికందాకే గడువు లెక్క మొదలవుతుందని. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) ప్రచురించే నమూనా కాంట్రాక్టు సిల్వర్ బుక్ లాంటి టర్న్‌కీ (డిజైన్ నుంచి అప్పగింత వరకు కాంట్రాక్టరే చేసే) ఒప్పందాల్లో రిస్కు ఎక్కువగా కాంట్రాక్టరు మీదే ఉంటుంది, కాబట్టి ఈ క్లాజ్ లేకుండా వాటి మీద సంతకం పెట్టడం ప్రమాదం.

రుణం అమల్లోకి రావాలంటే చాలా దేశాల్లో పార్లమెంటు ఆమోదం, అటార్నీ జనరల్ న్యాయాభిప్రాయం, పర్యావరణ అనుమతి, భూమి స్వాధీనం, ఎగుమతి రుణ సంస్థ తుది పాలసీ అన్నీ కావాలి. వీటికి ఒక చార్ట్ తయారుచేసి, ప్రతి వరసకు అక్కడి ఆర్థిక శాఖలో ఎవరు బాధ్యులో, ఏ తేదీకి అవుతుందో రాసి, వారానికొకసారి వాళ్లతోనే కూర్చుని సరిచూసుకోండి. ఎన్నికలు దగ్గరపడుతుంటే పార్లమెంటు సమావేశాల తేదీలు ముందే చూడండి. సభ వాయిదాపడితే మీ రుణమూ వాయిదాపడుతుంది.

డబ్బు రావడం మొదలయ్యాక ప్రతి బిల్లుతో పాటు ఏ వస్తువు ఏ దేశం నుంచి వచ్చిందో రుజువులు జతచేయాలి. దేశీయ వాటా లెక్క తప్పితే సంస్థ ఆ బిల్లుకు డబ్బు ఆపేస్తుంది. సైటులో కొనుగోళ్లు చూసే మనిషి, ఫైనాన్స్ మనిషి ఒకే పట్టికను వాడాలి. సప్లయర్‌ను మార్చాలంటే ఆర్డర్ పెట్టకముందే సంస్థకు చెప్పండి. వాయిదాలు ఎప్పుడు మొదలవ్వాలో అనుకున్న అప్పగింత తేదీని బట్టి ఒప్పందంలో ముందే రాస్తారు. ఒప్పందంలో రాసిన తేదీకి ప్లాంటు పనిచేయకపోయినా కొనే దేశం అప్పు వాయిదా కట్టడం మొదలుపెట్టాల్సి రావొచ్చు. అందుకే అప్పగింత తేదీని ఆశతో కాక, మీ సైటు ఇంజనీరు నిజంగా ఒప్పుకునే తేదీగా రుణ ఒప్పందంలో పెట్టించండి.